హైదరాబాద్ సైబర్ భద్రతా సంస్థ విదేశాలకు వెళ్లాలంటే ముందుగా ఏ దేశం, ఏ దారి?

ప్రశ్న: మాదాపూర్ మూడో అంతస్తు

అందరికీ నమస్కారం. మేము కొందరు మిత్రులం కలిసి హైదరాబాద్‌లో ఒక సైబర్ భద్రతా సంస్థను నడుపుతున్నాం. బ్యాంకులకు, ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు) పెన్ టెస్టింగ్, అంటే అనుమతితో వ్యవస్థలోకి చొరబడి లోపాలు వెతికే పరీక్ష, చేయడంతో మొదలైన సంస్థ ఇది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తించిన ఆడిటర్ల జాబితాలో మా పేరు ఉంది, సమాచార భద్రతకు ఇచ్చే ఐఎస్‌ఓ 27001 ధ్రువపత్రం కూడా ఉంది. ఆడిట్లలో ఒకే రకమైన లోపం మాకు పదే పదే ఎదురయ్యేది. సంస్థలో ఎవరి లెక్కలోనూ లేని ఏపీఐలు, అంటే సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి డేటా ఇచ్చిపుచ్చుకునే ద్వారాలు, నడుస్తూ ఉంటాయి. వాటికి పంపే అభ్యర్థనలో ఖాతా సంఖ్యను ఒక్క అంకె మార్చితే ఇంకొక ఖాతాదారుడి వివరాలు వచ్చేస్తాయి. ఆ పరీక్షను చేత్తో చేసి చేసి, చివరికి దానికోసం ఒక సాఫ్ట్‌వేర్ రాసుకున్నాం. ఇప్పుడు అదే మా ఉత్పత్తి. దేశంలో కొన్ని బ్యాంకులు డబ్బు చెల్లించి దాన్ని వాడుతున్నాయి.

ఇక్కడి వ్యాపారం ఆగిపోయిందని కాదు. సెబీ 2024 ఆగస్టులో తెచ్చిన సైబర్ భద్రతా నిబంధనల తర్వాత బ్రోకర్లు, మ్యూచువల్ ఫండ్ సంస్థలు కూడా మమ్మల్ని పిలుస్తున్నాయి. అయితే టెండర్లలో అతి తక్కువ ధర వేసినవారికే పని దక్కుతుంది కనుక, పెన్ టెస్టింగ్‌కు ఇచ్చే ధరనే కొలబద్దగా పెట్టుకుని ఉత్పత్తికి కూడా బేరమాడుతున్నారు. అందుకే బయటి దేశాల వైపు చూస్తున్నాం, ఇక్కడే మాలో మాకు పొసగడం లేదు. ఒక భాగస్వామి వెళితే నేరుగా అమెరికాకే వెళ్లాలంటారు. ఇంకొకరు దుబాయ్ దగ్గర, మనవాళ్లు ఉన్నారు, అక్కడ మొదలుపెడదామంటారు. పెట్టుబడికి ముందుకొచ్చిన ఒక ఫండ్ మాత్రం అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో కంపెనీ పెట్టి, హైదరాబాద్ సంస్థను దాని కిందికి తెస్తేనే మాట్లాడతామంటోంది.

ఈ స్థాయి సంస్థ ముందుగా ఏ దేశంలో అడుగుపెట్టడం మేలు? సేవలను అమ్ముతూ వెళ్లాలా, ఉత్పత్తితోనే వెళ్లాలా? మొదటి విదేశీ కొనుగోలుదారు ఎలా దొరుకుతాడు, అతడు మమ్మల్ని ఏయే పత్రాలు అడుగుతాడు? ఇలాంటి దారిలో నడిచినవారు, లేదా కొనే పక్షాన కూర్చున్నవారు చెబితే మాకు ఎంతో ఉపయోగం.

సమాధానం 1: బే ఏరియా బాటసారి

మీరు దేశం గురించి అడిగారు కానీ, నేను ముందు మీ ఉత్పత్తి గురించి మాట్లాడతాను. దేశం దాన్నిబట్టే తేలుతుంది. అమెరికాలో భద్రతా ఉత్పత్తుల అమ్మకాల్లోనే చాలా కాలంగా ఉన్నాను కనుక అక్కడి పరిస్థితి కొంత తెలుసు.

ఏపీఐ భద్రత అన్న పేరుతో ఇప్పుడు అమెరికాలో కొత్తగా దుకాణం తెరవడం కష్టం. సాల్ట్ సెక్యూరిటీ 2016 నుంచీ ఇదే పనిలో ఉంది. నోనేమ్ సెక్యూరిటీకి 2021 డిసెంబరులో వంద కోట్ల డాలర్ల విలువ కట్టారు. అదే సంస్థను 2024లో అకమాయ్ సుమారు 45 కోట్ల డాలర్లకు కొనేసింది. అదే ఏడాది ఎఫ్5 సంస్థ విబ్‌ను కొన్నది. జ్యోతి బన్సల్ స్థాపించిన ట్రేసబుల్ 2025లో ఆయనదే అయిన హార్నెస్‌లో కలిసిపోయింది. ఒకప్పుడు విడిగా అమ్ముడైన సరుకు ఇప్పుడు పెద్ద కంపెనీల ప్యాకేజీలో ఒక భాగమైందన్నమాట. మీరు ప్రదర్శన మొదలుపెట్టిన కాసేపటికే ‘ఇది మా పాత కాంట్రాక్టులో ఉచితంగా వస్తోంది కదా’ అంటారు. ఆ మాటకు దీటైన జవాబు లేకుండా శాన్ ఫ్రాన్సిస్కోలో ఆర్‌ఎస్‌ఏ అనే సైబర్ భద్రతా సదస్సుకు వెళ్లి స్టాల్ పెట్టడమంటే, ఉన్న నిధుల్లో పెద్ద భాగాన్ని అది జరిగే మాస్కోనీ సెంటర్ కార్పెట్ మీద పరచి రావడమే.

అయితే మీ దగ్గర జవాబు ఉందనే అనుకుంటున్నాను. మీరు నేర్చుకున్నది ఏపీఐలను కనిపెట్టడం ఒక్కటే కాదు. బ్యాంకు ఖాతాను మూడో పక్షానికి చూపించే ఏపీఐలలో అనుమతుల తనిఖీ ఎక్కడ తప్పుతుందో మీకు తెలుసు. మన దేశంలో ఖాతాదారుడి అనుమతితో ఒక ఆర్థిక సంస్థలోని వివరాలను మరోదానికి చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ 2021 సెప్టెంబరులో మొదలైన తర్వాత ఇక్కడి బ్యాంకులు పడిన పాట్లు మీరు లోపలి నుంచి చూశారు. అవే పాట్లు నియంత్రణ సంస్థల ఆదేశంతో ఎక్కడెక్కడ మొదలయ్యాయో చూడండి. బ్రిటన్‌లో ఓపెన్ బ్యాంకింగ్ (ఖాతాదారుడు ఒప్పుకుంటే అతడి డేటాను బ్యాంకు బయటి సంస్థలకు ఇచ్చే పద్ధతి) 2018లోనే మొదలైంది, అక్కడి బ్యాంకులు ఇప్పటికే ఆరితేరాయి. సౌదీ కేంద్ర బ్యాంకు తన ఓపెన్ బ్యాంకింగ్ నియమావళిని 2022 నవంబరులో ఇచ్చింది. యూఏఈ కేంద్ర బ్యాంకు 2024లో ఓపెన్ ఫైనాన్స్ నిబంధనలు తెచ్చింది. అమెరికాలో ఇదే పనికోసం 2024 అక్టోబరులో వచ్చిన నియమం కోర్టు వివాదంలో, పునఃపరిశీలనలో చిక్కుకుంది. ఎక్కడి చట్టం మీకు తెలిసిన లోపాన్నే కొత్తగా పుట్టిస్తోందో అక్కడికి వెళ్లండన్నది నా సలహా. మీ రెండో భాగస్వామి ‘మనవాళ్లు ఉన్నారు’ అని దుబాయ్ పేరు చెప్పారు. కారణం బలహీనమైనదే గానీ, ఊరు సరైనదే.

అమెరికాకే వెళ్లాలనే భాగస్వామికి ఇజ్రాయెల్ కంపెనీలు ఆదర్శమై ఉంటాయి. ఆ ఆదర్శాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. చెక్ పాయింట్‌ను గిల్ ష్వెడ్, మారియస్ నాక్ట్, ష్లోమో క్రేమర్ 1993లో స్థాపించారు. స్వదేశంలో చెప్పుకోదగ్గ మార్కెట్ లేకపోవడంతో మొదటి రోజు నుంచీ వారి చూపు బయటే ఉండేది. అమెరికాలో వారి ఫైర్‌వాల్‌ను (నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఉత్పత్తిని) తొలిదశలో జనంలోకి తీసుకెళ్లింది వారి సొంత అమ్మకాల బృందం కాదు. సన్ మైక్రోసిస్టమ్స్ తన యంత్రాలతోపాటు దాన్ని అమ్మిపెట్టింది. 1996లోనే అది నాస్‌డాక్‌లో నమోదైంది. ఇక క్లౌడ్ భద్రతా సంస్థ విజ్ సంగతి. 2020లో పుట్టిన ఈ కంపెనీని 3,200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు గూగుల్ 2025 మార్చిలో ప్రకటించగానే, అయిదేళ్లలో ఇంత ఎలా సాధ్యమైందని అందరూ ఆశ్చర్యపోయారు. కానీ దాని స్థాపకులు అంతకుముందు అడాలమ్ అనే కంపెనీని పెట్టి 2015లో మైక్రోసాఫ్ట్‌కు అమ్మి, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్‌లోనే క్లౌడ్ భద్రత పనిచూశారు. విజ్ మొదలైన రోజుకే అమెరికా పెద్ద కంపెనీల భద్రతాధికారులు వారికి పేరుపేరునా తెలుసు. మీ భాగస్వామి చూస్తున్న ఆ అయిదేళ్ల వెనుక ఇంకో ఎనిమిదేళ్లు ఉన్నాయి.

మన దేశపు ఉదాహరణలు మీకు ఇంకా దగ్గరగా ఉంటాయి. పుణెలో కాట్కర్ సోదరులు పెట్టిన క్విక్ హీల్ 2016లో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. దాని బలమంతా దేశంలోని డీలర్ల ద్వారా ఇళ్లకూ చిన్న వ్యాపారాలకూ అమ్మడంలోనే ఉంది, విదేశాల్లో ఆ బలం పనిచేయలేదు. అహ్మదాబాద్ సైబరోమ్ గల్ఫ్‌లోనూ ఆఫ్రికాలోనూ రీసెల్లర్ల (కొని తిరిగి అమ్మే వ్యాపారుల) ద్వారా ఫైర్‌వాల్ పెట్టెలు అమ్మి నిలదొక్కుకుంది, చివరికి 2014లో బ్రిటన్‌కు చెందిన సోఫోస్ దాన్ని కొనుక్కుంది. మీలాగే సేవలతో మొదలై ఉత్పత్తికి మారిన లూసిడియస్ 2021లో సేఫ్ సెక్యూరిటీ అని పేరు మార్చుకుంది. దాని ప్రధాన కార్యాలయం ఇప్పుడు కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఉంది. ఈ మూడింటిలో మీకు వరుస కలిసేది సైబరోమ్ దారి అని నా అభిప్రాయం. లూసిడియస్ దారికి పెద్ద పెట్టుబడి కావాలి.

సేవలా ఉత్పత్తా అన్న ప్రశ్నకు: తలుపు తెరిపించడానికి సేవ, లోపల ఉండిపోవడానికి ఉత్పత్తి. ఒక నిర్దిష్ట పరీక్షను చిన్న ధరకు చేసిపెట్టి, ఆ నివేదికలో బయటపడిన లోపాలు మళ్లీ రాకుండా కాపలా కాయడానికి ఉత్పత్తిని ఇవ్వండి. అయితే సేవల రాబడి ఎక్కువైన కొద్దీ మీ ఇంజనీర్లు అక్కడే ఇరుక్కుపోతారు, ఉత్పత్తి వెనకబడుతుంది. కనుక బయటి దేశాల్లో విడి పెన్ టెస్టింగ్ పనిని ఒప్పుకోకండి.

సమాధానం 2: దేరా క్రీక్

బాటసారి గారు గల్ఫ్ పేరు చెప్పారు కాబట్టి ఇక్కడి సంగతులు నేను చెబుతాను. దుబాయ్‌లో ఒక భద్రతా ఉత్పత్తుల పంపిణీ సంస్థలో పని నాది. కొత్త కంపెనీలను ఎంచుకుని రీసెల్లర్లకు పరిచయం చేయడమే రోజూ చేసే పని.

మొదట ఒక హెచ్చరిక. మీలాంటి సంస్థలు ఉత్సాహంలో చేసే పని ఒకటుంది: కాబోయే కొనుగోలుదారుడి వెబ్‌సైట్‌నో యాప్‌నో చడీచప్పుడు లేకుండా స్కాన్ చేసి, ‘మీ ఏపీఐలో ఈ లోపం ఉంది, మాట్లాడదామా’ అని మెయిల్ పంపడం. హైదరాబాద్‌లో అలా పంపితే ఎవరైనా ధన్యవాదాలు చెబుతారేమో గానీ, ఇక్కడ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక వ్యవస్థలోకి తొంగిచూడటం 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద నేరం కావచ్చు. ప్రదర్శన కూడా మీరు తయారుచేసుకున్న నకిలీ బ్యాంకు మీదే ఇవ్వండి. వాళ్ల వ్యవస్థను ముట్టుకోవాల్సి వస్తే ఏ ఐపీ చిరునామా నుంచి, ఏ తేదీన, ఏ వేళల్లో, ఏ ఏపీఐని పరీక్షిస్తారో రాసి, బ్యాంకు అధీకృత అధికారి సంతకం తీసుకోండి. పరిచయస్తుడైన ఐటీ మేనేజరు వాట్సాప్‌లో ‘సరే’ అన్నంత మాత్రాన అది అనుమతి కాదు.

ఇక అమ్మకం. ఇక్కడ బ్యాంకు మీకు నేరుగా పర్చేజ్ ఆర్డర్ ఇవ్వదు. తనకు ఇప్పటికే నమోదై ఉన్న రీసెల్లర్‌కు ఇస్తుంది, ఆ రీసెల్లర్ మా లాంటి పంపిణీదారు దగ్గర కొంటాడు, మేము మీ దగ్గర కొంటాం. రెండంచెల వాటా పోగా మీకు మిగిలే మొత్తాన్ని ముందే లెక్కగట్టి ధరల పట్టిక తయారుచేసుకోవాలి. మనదేశపు ధరలను దిర్హమ్‌లలోకి మార్చి పట్టిక పంపేవారు మొదటి బేరంలోనే మునిగిపోతారు. ఇంకా ముఖ్యమైనది డీల్ రిజిస్ట్రేషన్. ఒక బ్యాంకు దగ్గరికి మిమ్మల్ని మొదట తీసుకెళ్లిన రీసెల్లర్ పేరును మీరు నమోదుచేసి, మరొకడు అదే బ్యాంకు కోసం ధర అడిగితే ఎక్కువ ధర చెప్పాలి. ఈ ఒక్క విషయంలో మాట తప్పిన కంపెనీ పేరు వారం తిరక్కుండానే రీసెల్లర్లందరికీ తెలిసిపోతుంది. ఇంత చిన్న ఊరా దుబాయ్ అని ఆశ్చర్యపోతారు.

మనవాళ్ల విషయం కూడా చెప్పాలి. బ్యాంకుల భద్రతా విభాగాల్లో తెలుగువారు, మలయాళీలు, తమిళులు చాలామందే ఉన్నారు. వారి వల్ల మీకు అరగంట సమావేశం దొరుకుతుంది, అంతవరకే. పైగా స్వదేశం వాడికి మేలు చేశాడన్న మాట రాకుండా వారు మిమ్మల్ని అందరికంటే గట్టిగా ప్రశ్నిస్తారు. అంతకన్నా మంచి దారి మీ చేతిలోనే ఉంది: మీ ఉత్పత్తి వాడుతున్న భారతీయ బ్యాంకుల్లో ఎవరికైనా యూఏఈలోనో బహ్రెయిన్‌లోనో శాఖలు ఉన్నాయేమో చూడండి. ముంబైలోని ప్రధాన కార్యాలయం ఆ శాఖకు ఒక్క ఉత్తరం రాస్తే, ఇక్కడ మీకు మొదటి రెఫరెన్స్ తయారైనట్టే.

క్లౌడ్ సేవగా మాత్రమే నడిచే ఉత్పత్తి అయితే ఇబ్బందే. డేటా దేశం దాటకూడదని చాలా బ్యాంకులు పట్టుబడతాయి. అమెజాన్ తన డేటా సెంటర్ల రీజియన్లను బహ్రెయిన్‌లో 2019లో, యూఏఈలో 2022లో తెరిచింది కాబట్టి అక్కడ నడిపే వీలుంది; మీ సాఫ్ట్‌వేర్ ప్రస్తుతం హైదరాబాద్ లేదా ముంబై రీజియన్‌లో ఉంటే, దాన్ని మరో చోట విడిగా నిలబెట్టే పని ఇప్పుడే మొదలుపెట్టండి. కొందరు అదీ ఒప్పుకోక తమ సర్వర్ గదిలోనే పెట్టమంటారు.

సౌదీని మాత్రం దుబాయ్‌కి పొడిగింపుగా అనుకోకండి. అక్కడి ప్రభుత్వ సంస్థల టెండర్లు ఎతిమాద్ పోర్టల్ ద్వారా, అరబిక్‌లో నడుస్తాయి. రియాద్‌లో ప్రాంతీయ ప్రధాన కార్యాలయం లేని విదేశీ బహుళజాతి కంపెనీలతో ప్రభుత్వ సంస్థలు ఒప్పందాలు చేసుకోకూడదన్న నియమం 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పది లక్షల రియాల్‌ల లోపు ఒప్పందాలకు మినహాయింపు ఉంది. ప్రైవేటు బ్యాంకులతో మొదలుపెట్టండి, అదీ స్థానిక భాగస్వామితోనే. వారాంతాలు కూడా వేరు: యూఏఈ 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మారింది, సౌదీలో ఇప్పటికీ శుక్ర, శనివారాలే సెలవు. ఆదివారం ఉదయం రియాద్ నుంచి ఫోన్ వస్తే హైదరాబాద్‌లో ఎత్తే మనిషి ఉండాలి. డబ్బు విషయంలో ఓపిక పట్టాలి. సరుకు అందిన మూడు నెలలకు చెల్లింపు వస్తే అది మంచి చెల్లింపే.

సమాధానం 3: మైన్ నది ఒడ్డున

కొనే పక్షం గురించి అడిగారు, నేను ఆ పక్షం వాడినే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక బ్యాంకులో బయటి సరఫరాదారుల వల్ల వచ్చే ముప్పును అంచనా వేసే విభాగంలో ఉన్నాను. మా సాంకేతిక బృందానికి మీ ఉత్పత్తి ఎంత నచ్చినా, మా విభాగం సంతకం పడనిదే ఒప్పందం కుదరదు. ఐరోపాకు ఇప్పుడే రమ్మని నేను చెప్పను. కానీ ఇక్కడ అడిగే ప్రశ్నలకు సిద్ధమైన సంస్థకు గల్ఫ్‌లోనూ సింగపూర్‌లోనూ సగం పని ముందే అయిపోతుంది.

ఐరోపా సమాఖ్య ఆర్థిక సంస్థలకు డోరా అనే చట్టం 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మేము ప్రతి ఐటీ సరఫరాదారు ఒప్పందాన్నీ ఒక రిజిస్టర్‌లో నమోదుచేసి నియంత్రణ సంస్థకు సమర్పించాలి. మీ సేవ మా కీలకమైన పనికి ఆధారమైతే, మీ కార్యాలయానికి వచ్చి తనిఖీ చేసే హక్కు మాకూ మా నియంత్రణ సంస్థకూ ఉండాలి; రేపు మీరు మూతపడితే మేము ఎలా బయటపడతామో రాసిన ప్రణాళికా ఉండాలి. తీవ్రమైన సంఘటన జరిగితే, అది తీవ్రమైనదని నిర్ధారించిన నాలుగు గంటల్లో మేము తొలి సమాచారం ఇవ్వాలి. మరి మీరు మాకు ఎన్ని గంటల్లో చెబుతారు? భారతీయ సంస్థలకు సెర్ట్-ఇన్ 2022లో పెట్టిన ఆరు గంటల నియమం అలవాటే కనుక ఈ ప్రశ్నకు మీ దగ్గర మంచి జవాబే ఉంటుంది. ఆ నియమాన్ని మీ పత్రాల్లో ముందు పేజీలోనే చూపించండి.

మా ప్రశ్నావళి ఎలా ఉంటుందో కొంచెం చూపిస్తాను. మీ దగ్గర ఐఎస్‌ఓ 27001 ఉందనగానే మేము ధ్రువపత్రం చూడం, దాని పరిధి వాక్యం చూస్తాం. చాలా భారతీయ సంస్థల పత్రాల్లో ఆ వాక్యం ఏదో ఒక కార్యాలయ చిరునామాకో, ‘కన్సల్టింగ్ సేవల’కో పరిమితమై ఉంటుంది, అమ్మజూపుతున్న ఉత్పత్తి, అది నడిచే క్లౌడ్ ఖాతా అందులో ఉండవు. అలాంటప్పుడు ఆ కాగితం మాకు అక్కరకు రాదు. తర్వాతి ప్రశ్న: మీ ఇంజనీరు ఒకరు హైదరాబాద్‌లో రాజీనామా చేస్తే, మా డేటా ఉన్న వ్యవస్థకు ఆయన ప్రవేశం ఎప్పుడు తెగుతుంది, దానికి గత త్రైమాసికంలోని నిజమైన ఆధారం చూపగలరా? విధానపత్రం పంపేవారు చాలామంది, టికెట్ సంఖ్యతో సహా లాగ్ పంపేవారు కొద్దిమంది. రెండో రకంవారే నెగ్గుతారు. మూడోది, 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయిన తర్వాత తప్పనిసరి అయిన ప్రశ్న: మీ అప్‌డేట్‌ను అందరికీ ఒకేసారి పంపుతారా, విడతలుగా పంపుతారా, మధ్యలో ఆపే మీట ఎవరి చేతిలో ఉంటుంది? భద్రతా ఉత్పత్తి అమ్మేవారు ఈ ప్రశ్నకు తడబడితే అక్కడితో సరి.

ఇక సాక్ 2 నివేదిక, అంటే మీ డేటా రక్షణ ఏర్పాట్లపై స్వతంత్ర ఆడిటర్ ఇచ్చే నివేదిక సంగతి. టైప్ 1 అంటే ఒక తేదీన మీ ఏర్పాట్లు ఎలా ఉన్నాయన్నది. టైప్ 2 అంటే కొన్ని నెలల పాటు అవి నిజంగా పనిచేశాయా అన్నది. పరిశీలన కాలం సాధారణంగా మూడు నుంచి పన్నెండు నెలలు ఉంటుంది కాబట్టి, కొనేవాడు అడిగిన తర్వాత మొదలుపెడితే ఆ బేరం తప్పిపోతుంది. అమెరికాకు వెళ్లకపోయినా ఇప్పుడే మొదలుపెట్టండి.

దేశం పేరు కూడా లెక్కలోకి వస్తుంది, దీన్ని దాచడంలో అర్థం లేదు. రష్యాకు చెందిన యాంటీవైరస్ సంస్థ కాస్పర్‌స్కీ ఉత్పత్తి నాణ్యతను తక్కువ చేసినవారు అరుదు. అయినా 2017లో అమెరికా ప్రభుత్వ కార్యాలయాల నుంచి దాన్ని తీసేయించారు. ఆ కంపెనీ జ్యూరిక్‌లో పారదర్శకతా కేంద్రం తెరిచి, డేటాను స్విట్జర్లాండ్‌కు తరలించి, సోర్స్ కోడ్ చూపిస్తామన్నా 2022లో జర్మనీ భద్రతా సంస్థ హెచ్చరిక జారీచేసింది, 2024లో అమెరికా అమ్మకాలనే నిషేధించింది. భారతదేశం మీద అలాంటి అనుమానం ఇక్కడ లేదు. అయితే ఏ దేశపు చట్టం కింద ఎవరు మీ సర్వర్లను తెరిపించగలరన్న ప్రశ్న మీకూ వస్తుంది. డేటాను ఐరోపాలోనే ఉంచి, దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవులు కొనుగోలుదారు దగ్గరే ఉండేలా నిర్మిస్తే ఆ చర్చ చాలా తగ్గిపోతుంది.

ప్రశ్నించినవారి స్పందన: మాదాపూర్ మూడో అంతస్తు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మైన్ నది గారి మాట చదివి మా ధ్రువపత్రం తీసి చూశాం. పరిధి వాక్యంలో ఆడిట్ సేవలు ఉన్నాయి, ఉత్పత్తి లేదు. దాన్ని సరిచేయించే పని మొదలైంది. మాకు కొనుగోలుదారులైన బ్యాంకుల్లో ఒకదానికి గల్ఫ్‌లో శాఖలు ఉన్నాయి, వారితో మాట్లాడతాం. ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. సింగపూర్ గురించి ఎవరూ చెప్పలేదు. డెలావేర్ షరతు విషయంలో ఏం చేయాలో కూడా తేలలేదు. ఆ ఫండ్ మమ్మల్ని తొందరపెడుతోంది.

సమాధానం 4: సికింద్రాబాద్ లెక్కలు

నేను ఛార్టర్డ్ అకౌంటెంట్‌ను. సాంకేతిక విషయాల జోలికి పోను, కాగితాల సంగతి చెబుతాను.

సింగపూర్‌లో 2022 ఏప్రిల్ నుంచి పెన్ టెస్టింగ్‌కూ, ఇతరుల తరఫున నిర్వహించే భద్రతా పర్యవేక్షణకూ లైసెన్సు ఉండాలి. బయటి దేశం నుంచి ఆ సేవలు అందించేవారికి కూడా ఇది వర్తిస్తుంది. ఉత్పత్తి లైసెన్సు అమ్మడం ఒకటి, ఆ ఉత్పత్తితో మీ మనుషులే పరీక్ష చేసిపెట్టడం మరొకటి. రెండోది చేస్తే లైసెన్సు అడుగుతారు. బాటసారి గారు చెప్పిన ‘చిన్న ధరకు ఒక పరీక్ష’ పద్ధతి అక్కడ లైసెన్సు లేకుండా కుదరదు.

డెలావేర్ విషయానికి వస్తే, అమెరికా కొనుగోలుదారు లేనప్పుడు, అమెరికా పెట్టుబడి కాగితం మీద సంతకం కానప్పుడు ఆ పని చేయకండి. హైదరాబాద్ సంస్థలోని మీ వాటాలను అమెరికా కంపెనీ వాటాలతో మార్చుకుంటే, చేతికి రూపాయి రాకపోయినా మూలధన లాభాల పన్ను ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. విలువ నిర్ధారణ నివేదిక, విదేశీ మారక చట్టమైన ఫెమా కింద నివేదనలు, ఏటా రెండు దేశాల్లో లెక్కలు, రెండు కంపెనీల మధ్య లావాదేవీలకు ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ పత్రాలు వీటికి తోడు. వెళ్లినవారు తిరిగి రావాలంటే ఎంతవుతుందో ఫోన్‌పే చూపించింది: 2022లో సింగపూర్ నుంచి ఇండియాకు మారినప్పుడు దాని పెట్టుబడిదారులు కట్టిన పన్ను దాదాపు 8,000 కోట్ల రూపాయలు. మీ స్థాయి వేరు, సూత్రం అదే.

దీనికి బదులు హైదరాబాద్ సంస్థనే మాతృసంస్థగా ఉంచి, అవసరమైన చోట అనుబంధ సంస్థ పెట్టండి. 2022 ఆగస్టు నాటి విదేశీ పెట్టుబడి నియమాల ప్రకారం భారతీయ కంపెనీ తన నికర విలువకు నాలుగు రెట్ల వరకు రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి లేకుండానే బయట పెట్టుబడి పెట్టవచ్చు. మీ బ్యాంకు ద్వారా ఫారం దాఖలు చేసి, గుర్తింపు సంఖ్య వచ్చాకే డబ్బు పంపాలి. ఆ తర్వాత ప్రతి సంవత్సరం డిసెంబరు 31 లోగా పనితీరు నివేదిక ఇవ్వాలి. దీన్ని మరిచిపోయిన కంపెనీకి తర్వాతి సారి డబ్బు పంపాల్సి వచ్చినప్పుడు బ్యాంకు అడ్డుకుంటుంది. మొదట్లో అనుబంధ సంస్థ కూడా అక్కర్లేదు, దేరా క్రీక్ గారు చెప్పిన పంపిణీదారుకు ఇక్కడి నుంచే ఇన్‌వాయిస్ వేయవచ్చు. ఏడాదికోసారి ఎల్‌యూటీ (జీఎస్‌టీ శాఖకు ఇచ్చే హామీపత్రం) దాఖలు చేసి ఉంటే ఆ ఎగుమతిపై జీఎస్‌టీ కట్టనక్కర్లేదు.

భద్రతా సంస్థలు పట్టించుకోని అంశం స్కోమెట్ జాబితా, అంటే ఎగుమతికి ప్రభుత్వ నియంత్రణ ఉన్న వస్తువులు, సాంకేతికతల జాబితా. ఆయుధాలు, సైనిక అవసరాలకూ పనికొచ్చే సాంకేతికతల ఎగుమతి నియంత్రణకు దేశాలు చేసుకున్న వాసెనార్ ఒప్పందంలో ఇండియా 2017 డిసెంబరులో చేరింది. చొరబాటు సాఫ్ట్‌వేర్, కొన్ని రకాల ఎన్‌క్రిప్షన్ ఉత్పత్తులు ఎగుమతి నియంత్రణ కిందికి వస్తాయి. లోపాన్ని కనిపెట్టి నివేదించే సాఫ్ట్‌వేర్ వేరు, ఆ లోపం ద్వారా లోపలికి దూరి పనిచేసే సాఫ్ట్‌వేర్ వేరు. మీ ఉత్పత్తి ఏ వైపు వస్తుందో మొదటి ఎగుమతికి ముందే, ఎగుమతి నియంత్రణ తెలిసిన న్యాయవాది చేత రాయించుకుని ఫైల్‌లో పెట్టుకోండి.

సమాధానం 5: బే ఏరియా బాటసారి

సికింద్రాబాద్ గారితో ఒక చోట విభేదిస్తాను. అమెరికా ఫండ్లలో చాలావాటికి డెలావేర్ కంపెనీ తప్ప మరొకటి రుచించదు. అది మంచో చెడో గానీ, ఆ ఫండ్ తప్ప మరో దారి లేని సంస్థకు వాదించే వీలుండదు. మీకు ఇక్కడి బ్యాంకుల నుంచి రాబడి ఉంది కనుక ఆ తొందర లేదు. ‘గల్ఫ్‌లో రెండు బ్యాంకులు సంతకం చేశాక మాట్లాడుకుందాం, అప్పటి విలువ ఆధారంగానే’ అని చెప్పి చూడండి. నిజంగా ఆసక్తి ఉన్నవారు ఆగుతారు.

దేరా క్రీక్ గారి పంపిణీదారు పద్ధతి బాగున్నా, మొదటి రెండు మూడు బ్యాంకుల దగ్గరికి మీలో ఒకరు, అంటే స్థాపకులే, వెళ్లాలి. రీసెల్లర్ సంచిలో పదుల కొద్దీ ఉత్పత్తులు ఉంటాయి, మీది ఎందుకు కొనాలో ఆయన వివరించలేడు. వీలైతే భాగస్వాముల్లో ఒకరు కొన్ని నెలలు దుబాయ్‌లోనే ఉండాలి, ఇంటింటికీ తిరిగినట్టు బ్యాంకులన్నీ తిరగాలి. అమెరికాకే వెళ్లాలని పట్టుబడుతున్న భాగస్వామినే అందుకు పంపమని నా సూచన. కొనేవాడి ఎదుట కూర్చుని ‘ఇది మాకు ఉచితంగా వస్తోంది కదా’ అన్న మాటకు ఆయన జవాబు చెప్పగలిగితే, అమెరికా సంగతి అప్పుడు మళ్లీ మాట్లాడవచ్చు.